చదవకుండా మిగిలిన చివరి అధ్యాయం

నాచారం ఫ్యాక్టరీలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పాక కార్మికుల పోరాటం గురించిన ఒక పుస్తకం పైకి చదివి వినిపించడం నా పని. యాజమాన్యాన్ని ఎదిరించవచ్చన్న నమ్మకం మా అందరికీ ఆ పుస్తకమే ఇచ్చింది. గెలిచినవాళ్లు కుర్చీ ఎక్కాక ఎలా మారిపోతారో దాని చివరి అధ్యాయంలో ఉండేది. అక్కడికి రాగానే మా యూనియన్ నాయకుడు ఆపేసేవాడు. "గది తర్వాత సూద్దామన్నా, ముందుగాల గెలుద్దాం."

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఉప్పల్ దీక్షా శిబిరంలోనూ అదే పుస్తకం చదివాను. అక్కడికీ వచ్చిన మా నాయకుడు చివరి అధ్యాయం దగ్గర మళ్లీ అదే మాట అన్నాడు.

రాష్ట్రం వచ్చింది. ఆయనకు పదవి వచ్చింది. నేను రిటైరయ్యాను. ఒకరోజు పుస్తకం పట్టుకుని ఆయన ఆఫీసుకు వెళ్లాను.

"తమ్మీ, గా ఆఖరిది ఇప్పుడు సదువుదామా?"

"గెలిచినం గదన్నా," అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండానే. "ఇంకా గా పుస్తకమెందుకు?"