హజ్రత్ చెప్పని మాట

పద్దెనిమిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నమాజులో తల నేలకు ఆనించినప్పుడు కూడా ఆ బరువు దిగదు. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది బళ్ళారి, కౌల్ బజార్. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల వాళ్ళం. నాన్న లేడు. అమ్మ, నేను, తమ్ముడు మస్తాన్. గనులు జోరుగా నడిచే రోజుల్లో వాడు ఖనిజం లారీలు తూచే చోట పనికి కుదిరాడు. ఏడాది తిరక్కముందే మనిషి మారిపోయాడు. నిద్ర లేదు. డ్రైవర్లంతా తన గురించే గుసగుసలాడుతున్నారనేవాడు. అన్నంలో ఎర్రమట్టి కలిపారని కంచం తోసేసేవాడు. చివరికి పని మానేసి ఇంట్లో ఓ మూల కూర్చున్నాడు.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ను అడిగి రమ్మని నన్ను పంపింది. ఆయన ఏది చెబితే అదే చేద్దామంది. మధ్యాహ్నం నమాజయ్యాక వాళ్ళింటికి వెళ్ళి తాయెత్తు అడిగాను.

"తాయెత్తు ఏంటికమ్మా? జొరమొస్తే మాత్ర ఇస్తారు కదా, ఇదీ రోగమే. రోగం ఇచ్చినోడే మందూ ఇచ్చినాడు. దువా నేను చేస్తా. నువ్వు రేపే పెద్దాస్పత్రికి పిల్చుకపో. ఆడ మనసు డాక్టరు ఉండాడు."

"జనం పిచ్చోడంటారు హజ్రత్."

"అననీ. మతి లేనోని మీద అల్లా పాపం రాయడు తల్లీ. మతి ఉండీ చూస్తా కూర్చున్నోళ్ళనే అడుగుతాడు."

ఆ నెలలోనే నాకు హచ్చొళ్ళి ఊరి సంబంధం కుదిరింది. ఆసుపత్రిలో మనసు డాక్టరు గది ముందు పెళ్ళివారి తరఫు వాళ్ళెవరైనా మమ్మల్ని చూస్తే? ఇంటికి వెళ్ళి అమ్మతో, హజ్రత్ మందులు వద్దన్నారని, ఇది అల్లా పెట్టిన పరీక్ష, సబర్‌తో ఓర్చుకోమన్నారని చెప్పాను. అమ్మ కళ్ళు తుడుచుకుని సరేనంది.

నిజంగా సంబంధం పోతుందన్న భయమేనా? లేక వాడి అరుపులతో, వాడు తోసేసిన అన్నం ఎత్తడంతో విసిగిపోయి, నా దారి నేను చూసుకుంటే చాలనుకున్నానా? నికా అయ్యాక చెబుదామనుకున్నాను. నికా అయింది. చెప్పలేదు.

నేను అత్తవారింటికి వెళ్ళిన మూడో నెలలో, ఒక పొద్దున మస్తాన్ చెప్పులైనా లేకుండా ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోయాడు. సండూరు రోడ్డులో లారీల పక్కన పోతుంటే చూశామని ఎవరో అన్నారు. పోలీసు స్టేషన్లు, దర్గాలు, బస్టాండులు అన్నీ వెతికాం. ఈ రోజుకీ ఆచూకీ లేదు.

ఆ ముసలాయన మాట విని నా బిడ్డను పోగొట్టుకున్నానని అమ్మ వీధి వీధంతా చెప్పింది. చచ్చేదాకా ఆయనకు సలాం చేయలేదు. ఆ మాటలు హజ్రత్ చెవిన పడ్డాయి. ఆయన ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. అమ్మ జనాజాకు వచ్చి నన్ను ఒక్కసారి చూశారు. ఒక్క మాటతో నా గుట్టు బయటపెట్టగలిగేవారు. ఎందుకు పెట్టలేదు? అడిగే ధైర్యం వచ్చేలోపు ఆయనా పోయారు.

తౌబా చేసుకుంటే అల్లా మన్నిస్తాడంటారు. కానీ మనిషికి చేసిన అన్యాయాన్ని ముందు ఆ మనిషే మన్నించాలట. ముగ్గురిలో ఎవరిని అడగను? మస్తాన్ ఎక్కడైనా బతికి ఉన్నా, నన్ను గుర్తుపడతాడా?

మన్నించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. హజ్రత్ మందు ఇప్పించమన్నారు. వద్దన్నది నేను. ఇన్నేళ్ళకు ఈ రెండు మాటలు పక్కపక్కన రాయగలిగాను. అంతే.