నాయనమ్మ ఒప్పుకున్న రోజు

మొన్న ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్తుంటే, దెందులూరు దాటాక బస్సు కిటికీలోంచి అప్పుడే కోసి పనలు వేసిన వరిచేను వాసన కొట్టింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు మా ఊరి కోత పండుగ గుర్తొస్తుంది.

మాది కొల్లేరు అంచున ఊరు. చర్చిని మేం గుడి అనేవాళ్లం. కోత పండుగనాడు ఆ పెంకుటి గుడి నిండా కొత్త వరికంకులు గుత్తులు కట్టి వేలాడదీసేవాళ్లు; ప్రార్థన బల్ల ముందు కానుకలుగా గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు; ఆరాధన అయ్యాక కొత్తబియ్యం పరమాన్నం, కొర్రమీను పులుసు.

మా నాయనమ్మ మరియమ్మ ఆ గుడిలో ఆదివారం బడి పంతులమ్మ. ఊళ్లో సగం మందికి ప్రార్థన నేర్పింది ఆవిడే. నా తొమ్మిదో ఏట మా చిన్నత్త, అంటే నాయనమ్మ ఆఖరి కూతురు, పచ్చకామెర్లతో పోయింది. తర్వాత కూడా నాయనమ్మ ఒక్క ఆదివారం మానలేదు. అదే తెల్లచీర, అవే పాఠాలు. ఇంట్లో మాత్రం బైబిలును గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. ఎందుకని అడిగితే, "ఆయనతో నాకు మాటల్లేవమ్మా" అంది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మరుసటి ఏడు కోత పండుగకి పాస్టరు అయ్యగారు ఆవిణ్ణి ప్రార్థన చేయమన్నారు. నాయనమ్మ లేచింది గానీ కళ్లు మూసుకోలేదు.

"నా పిల్లను తీసుకున్నాడని ఏడాదిగా దేవుణ్ణి వదిలేశానండీ. వదిలేసి, మీ పిల్లలకు మాత్రం ఆయన్ని నమ్మమని చెప్పాను. నన్ను క్షమించమని ఆయన్ని అడుగుతున్నాను, మిమ్మల్నీ అడుగుతున్నాను."

అయ్యగారు మెల్లిగా, "ఇంటి దగ్గర అడుక్కుంటే సరిపోయేది కదండీ" అన్నారు.

"అబద్ధం ఇక్కడ ఆడానండీ. ఇక్కడే ఒప్పుకోవాలి."

నాకు సిగ్గేసి ఆ రోజు పరమాన్నం ముట్టలేదు. సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, కొన్నాళ్లు పాఠాలు చెప్పొద్దన్నారు. "అలాగేనండీ" అని నాయనమ్మ వెనక చాప మీదకెళ్లి కూర్చుంది. ఇంటికొచ్చి బైబిలు దింపింది. ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. మర్నాడు ఒక్క కీర్తన చదివింది.

కొల్లేట్లో పడవ తిరగబడి కొడుకును పోగొట్టుకుని గుడికి రావడం మానేసిన సుగుణమ్మగారు ఒక సాయంత్రం మా అరుగు మీదకొచ్చి, "నాకూ మీలాగే అయిందండీ" అని కూలబడిపోయారు. నాయనమ్మ సుద్దులేవీ చెప్పలేదు, పక్కన కూర్చుని ఆవిడ కోపమంతా విన్నది. ఆవిడ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. వేసవి వచ్చేసరికి పెద్దలే ఇంటికొచ్చి, "మళ్లీ మీరే చెప్పాలండీ పిల్లలకి" అన్నారు. ఆ ఆదివారం ఆవిడ చెయ్యి పట్టుకుని, ఊరంతా చూసేలా తలెత్తుకుని గుడికి నడిచాను.

ఇప్పుడా పెంకుటి గుడి లేదు. శ్లాబు వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు, సౌండు బాక్సులు వచ్చాయి, చాపలు పోయాయి. చేలు చాలావరకు చేపల చెరువులయ్యాయి. తన తప్పు తన నోటితో చెప్పడానికి లేచే మనిషి ఎక్కడా కనపడడం లేదు. నాయనమ్మ సమాధి మీద పేరు కింద "ఆదివారం బడి పంతులమ్మ" అని చెక్కించారు. నన్నడిగి ఉంటే ఇంకో మాట రాయించేదాన్ని: "తప్పు ఒప్పుకుంది."