బరాత్‌ల ట్యూనైన బండి

రెండు వారాల కింద మా మరదలి పూలుపండ్లకు, అదే నిశ్చితార్థానికి, పోయిన గదా, ఎట్లయింది ఎట్లయింది అని అందరు అడుగుతున్నరు. ఫంక్షన్ మస్తయింది. మేం పోయిన తీరే ఉన్నది సూడుండ్రి... అది చెప్పాల్నంటే ఇంకో చాయ్ కావాలె. చెప్త గని, నడుమల నవ్వితే ఆపేస్త. ముందే చెప్తున్న.

మీకు తెలుసు గదా, నేను ఫ్యాక్టరీల ఇన్‌స్ట్రుమెంట్ సెక్షన్‌ల పన్జేస్త. మీటర్లు, సెన్సర్లు, సోల్డరింగు, గవే నా లోకం. రెండేండ్ల కింద ఓ తెల్ల కారు కొన్న, సెకండ్‌హ్యాండ్‌ల. కొన్నకాడికెల్లి ఒకటే ఫికర్: ఇది పెట్రోల్ తాగుతలేదు, ఉత్తగ పారబోస్తున్నదని. ఇంటర్నెట్ సెంటర్ల కూసోని చదివి చదివి, ఓ కిట్టు తెప్పించి, నా చేతులతోని ఒక డబ్బా తయారు చేసిన. ఇంజన్‌కు ఎప్పుడెంత పెట్రోల్ పోవాల్నో ఆ డబ్బానే చెప్తది. దాని లోపల ఒక పట్టిక ఉంటది, ఎక్కాల పుస్తకం తీరు గళ్లు గళ్లు. ఇంజన్ ఎంత జోరుగ తిరుగుతున్నది, మనం ఎంత తొక్కినం, ఈ రెండు చూసి ఆ గడిల రాసున్నంత పెట్రోల్ కొడ్తది. దాన్నే ఫ్యూయల్ మ్యాప్ అంటరు. గంతే, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు.

మరి గడిల నంబరు తప్పో ఒప్పో ఎట్ల తెలుస్తది? బండి నడుపుకుంట లాగ్ రాయాలె. మా గల్లీల గ్యారేజీ పెట్టుకున్న ఖలీల్ భాయ్‌తోని పొగగొట్టానికి ఒక సెన్సర్ వెల్డింగ్ చేయించిన. పెట్రోల్ ఎక్కువైందా తక్కువైందా అన్నది అది పొగను బట్టి చెప్తది, డబ్బా రాసిపెట్టుకుంటది. ఇంటికొచ్చి లాప్‌టాప్ తగిలించి 'ఆటో ట్యూన్' కొట్టినమంటే, ఆ లాగ్ చూసుకుంట గళ్లన్నీ అదే దిద్దుతది.

కష్టమేందంటే, ఈ ముచ్చట ఇంటర్నెట్‌ల రాసిన తెల్లోళ్లకు ఖాళీ రోడ్లున్నయ్. మనకేడున్నయ్? సంతోష్‌నగర్‌ల ఎక్కి ఉస్మాన్‌గంజ్ దాకా పోయొస్తే మూడో గేరు ముట్టుకునే పనే పడదు. నెల దినాలు లాగ్ రాసిన. పట్టికల కిందిమూల గళ్లు నాలుగు నిండినయ్, పైనంత ఖాళీ.

గప్పుడు ఖలీల్ భాయ్ తమ్ముని పెండ్లొచ్చింది. శనివారం పొద్దుగాల వచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. "రాజేందర్ భాయ్, ఆప్‌కీ గాడీ సఫేద్ హై. దుల్హే కే వాస్తే దేదో. ఏక్ ఘంటే కా కామ్ హై బస్."

పెండ్లికొడుకు బరాత్ ఊరేగింపుకు నా తెల్ల బండి ఒక్క ఘంట కావాల్నట. ఇయ్యనంటనా? నేనే నడుపుత అన్న. సాయంత్రానికి బండి నిండ బంతిపూలు. ముందటి జాలి, అదే గ్రిల్లు, కనవడకుంట దండల మీద దండలు కట్టిన్రు. ముందట మర్ఫా దరువు, ఎన్క సీట్ల దుల్హా, స్టీరింగు కాడ మనం. ఒక అడుగు ముందుకు పోవుడు, పది నిమిషాలు ఆగుడు. పోరగాండ్లందరు ఎగురుతున్నరు. నేనేమో డబ్బా మీద మినుకుమంటున్న ఎర్రలైటును చూసి మురుస్తున్న. లాగ్ రాస్తున్నది! ఒక ఘంటా అన్నది మూడు ఘంటలాయె. పుక్కట్ల మూడు ఘంటల డేటా! ఆ దినం దుల్హా కన్న నేనే ఎక్కువ ఖుషీగ ఉన్న.

తెల్లారితే ఆదివారం. చౌటుప్పల్ల మా మామగారింట్ల మరదలు కవిత పూలుపండ్లు, పదిన్నరకు ముహూర్తం. మా అత్తమ్మ పోయి నాలుగేండ్లాయె. తల్లి జాగల మా ఇంటామె సుజాతనే కూసోని చెల్లెకు చీర పెట్టాలె. వారం ముందటికెల్లే "అమ్మ ఉంటే గిట్ల చేసేది, అమ్మ ఉంటే గట్ల చేసేది" అనుకుంట కండ్లు తుడుచుకుంటున్నది. చీర మా దగ్గరనే, పూలు మా దగ్గరనే, వియ్యంకునికి కప్పే శాలువా గూడ మా దగ్గరనే. మేం పోకుంటే ఫంక్షన్ మొదలే కాదు. గసొంటి దినం పొద్దుగాల బుద్ధున్నోడెవడన్న బండిని ముడ్తడా?

నేను ముట్టిన.

చీకట్లనే స్కూటర్ మీద గుడిమల్కాపూర్ పోయి పూలు తెచ్చిన. సుజాత తలస్నానం చేసొచ్చే లోపల లాప్‌టాప్ తగిలించి ఆటో ట్యూన్ కొట్టిన. 'ఖాళీ గళ్లు పక్క గళ్లను చూసి నింపాల్నా?' అని అడిగింది. ఎంత మంచి సాఫ్ట్‌వేరో, నింపు తల్లీ అన్న. ఒక్క నిమిషంల పట్టిక నిండింది. బరాత్ పూలన్నీ పీకేసి, బండి కడిగి, తళతళ మెరిపిచ్చిన.

లాప్‌టాప్ బండ్ల పెట్టబోతే సుజాత గడపల నిలవడ్డది. "ఆ కంప్యూటర్ ఎక్కితే నేను ఎక్క. ఒక్క దినమన్న బండిని బండి తీరు నడుపయ్యా!"

సరే అని ఇంట్లనే పెట్టిన.

ఎల్బీనగర్ దాకా ఏం లొల్లి లేదు. కొంచెం దగ్గింది, సల్లగున్నది కావచ్చు అనుకున్న. హైవే ఎక్కినంక కాలు గట్టిగ తొక్కిన సూడుండ్రి... ధడ్! ధడ్! ధడ్! బండి ముందుకు గుంజుతలేదు, వెక్కిళ్లు పెట్టినట్టు ఎగురుతున్నది. కాలు తీస్తే మెల్లగ పోతది, తొక్కితే ఎగుర్తది. స్పీడు ముల్లు ఇరవై దాటి లేస్తలేదు. గడ్డి ట్రాక్టర్ ఒకటి హారన్ కొట్టుకుంట మమ్ముల దాటిపోయింది. ఆ డ్రైవర్ ఎనుకకు మర్లి "అన్నా, తాడు కట్టాల్నా?" అని అడిగిండు. మంచోడే పాపం.

సుజాత గడియారం చూసింది, నన్ను చూసింది. "ఏం చేసినవ్?"

"ఏం చేయలే."

"పొద్దుగాల ఏం చేసినవ్?"

పెండ్లయి పదకొండేండ్లు. ఆమెకు లాగ్ అక్కర్లేదు, నా మొకం చాలు. చెప్పిన. తిడ్తదనుకున్న, తిట్టలే. కిటికీ దిక్కు తిరిగి "అమ్మ ఉంటే నిన్ననే పోయి ఉండేది" అన్నది, గంతే. నాకు మస్తు సిగ్గేసింది. రోడ్డు పక్కకు ఆపి ఖలీల్ భాయ్‌కు ఫోన్ కొట్టిన.

డబ్బా పీకేద్దామంటే వైర్లన్నీ దాని లోపల్నుంచే పోవాల్నని నేనే సోల్డర్ పెట్టిన, పీకితే స్టార్టే కాదు. పాత మ్యాప్ పెడదామంటే అది లాప్‌టాప్‌ల ఉన్నది, లాప్‌టాప్ ఇంట్ల ఉన్నది. ఇదంత చెప్పినంక ఖలీల్ భాయ్ మెల్లగ అడిగిండు. "భాయ్, ఫూలాఁ నికాల్ దియే క్యా?"

"బరాత్ పూలా? పొద్దుగాలనే తీసిన. ఎందుకు?"

"అరె భాయ్! ఫూలాఁ కే సాత్ మ్యాప్ బనాయే, ఫూలాఁ కే సాత్‌హీచ్ చలేగీ!"

పూలతోని మ్యాప్ చేస్తే పూలతోనే నడుస్తదట! గప్పుడు వెలిగింది నాకు. ఇంజన్ గాలి పీల్చే గొట్టం మూతి సరిగ్గ ముందటి జాలి ఎనుకనే ఉంటది. బరాత్‌ల ఆ జాలికి దండలు కట్టి బండి ముక్కు మూసిన్రు. గాలి తక్కువై పెట్రోల్ ఎక్కువ కనవడ్డది. సెన్సర్ మూడు ఘంటలు 'ఎక్కువైంది, ఎక్కువైంది' అని మొత్తుకున్నది. ఆటో ట్యూన్ పెట్రోల్ కోసేసింది. ఖాళీ గళ్లు పక్క గళ్లను చూసి నింపుమన్న గదా, హైవే గళ్లల్ల గూడ కోసేసింది. ఇప్పుడు పూలు తీసేసినం, గాలి నిండుగొస్తున్నది, పెట్రోల్ లేదు. అంటే నా బండి పెండ్లి బండిగనే నడుస్తది గని, మామూలు బండిగ నడువది!

ఎన్క సీట్ల గంపెడు బంతిపూల దండలున్నయ్, మామగారింటి గుమ్మాలకు కట్టేటియి. సుజాతకు ఎట్ల చెప్పాల్నా అని నేను నసుగుతుంటే, ఆమెనే దిగి గంప అందుకున్నది. ఇద్దరం కలిసి జాలికి కట్టినం. పట్టుచీర కట్టుకున్న ఆడామె హైవే మీద బండికి దండలేస్తుంటే, పోయే లారీ డ్రైవర్లు చేతులెత్తి మొక్కుతున్నరు, ఏం పూజనో అనుకోని.

స్టార్ట్ చేసిన. తొక్కిన. ముప్ఫై... నలబై... యాభై! నేను గట్టిగ అరిసిన. సుజాత గూడ నవ్వింది. ఆ నవ్వు అయిదు నిమిషాలే ఉన్నది. గాలికి బంతిపూలు రేకులు రేకులై అద్దం మీద పడుడు మొదలైంది. వైపర్ ఏసి పూలు తుడుచుకుంట నడిపినోణ్ని నేనొక్కన్నే కావచ్చు. దండలు సన్నగైనకొద్దీ మళ్ల ధడ్ ధడ్. పది దగ్గరికొచ్చింది, ఇంకా సగం తొవ్వనే అయింది.

"ఆపు" అన్నది. సంచిల చెయ్యి పెట్టి శాలువా తీసింది. వియ్యంకుని శాలువా! జరీ అంచు, కవరు గూడ విప్పలే.

"ఏయ్, అది..."

"శాలువా లేకున్నా పూలుపండ్లు అయితయ్. నేను లేకుంటే కావు. కట్టు!"

కట్టిన. రెండు మడతలేసి, జాలికి బిగ్గ గుంజి కట్టిన. ఏం నడిచింది బండి! గని ఇంజన్‌కు గాలి తగులక హీట్ ముల్లు ఎర్రగీతకు తలకాయ ఆనించి నిలవడ్డది. నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కిన, ఖలీల్ భాయ్ దేవునికి గూడ మొక్కిన. పదింబావు దాటినంక మామగారి గల్లీల తిరిగినం. నేను ఇంజన్ బందు చేసే లోపలనే సుజాత చీర పట్టుకోని లోపలికి ఉరికింది. ఎన్కనే పోయి చూస్తే, అక్కను చూసి కవిత ఏడుస్తున్నది, చెల్లెను చూసి సుజాత ఏడుస్తున్నది. మా మామ గోడ దిక్కు తిరిగి కండ్లద్దాలు తుడుచుకుంటున్నడు. టైముకు తెచ్చిన గదా అనుకున్న.

ఇగ శాలువా. దులిపిన, నాలుగు దోమలు రాలినయ్, మడతవెట్టి ఇచ్చిన. మామ తీస్కపోయి వియ్యంకునికి కప్పిండు. ఆ పెద్దమనిషి భుజాలు సర్దుకోని మురిసిపోయిండు. "ఏం శాలువా బావా! ఇట్ల కప్పంగనే వెచ్చగయింది. అసలు ఊలు కావచ్చు!" నేను నేల చూపులు చూసిన. సుజాత కొంగు నోట్ల కుక్కుకున్నది.

ఆడికి ఆగినా బాగుండు. మా మామకు నేనంటే మస్తు గొప్ప. అందరి ముందల నా భుజం మీద చెయ్యేసి "మా పెద్దల్లుడు కంప్యూటర్ పెట్టి కార్ల ఇంజన్లు సెట్ చేస్తడు" అన్నడు. పిల్లగాని మేనమామ దిగ్గున లేసిండు. "గట్లనా అల్లుడు! మా బండి మైలేజ్ ఇస్తలేదు, బయటనే ఉన్నది. పది నిమిషాలు చూడరాదు?"

నేను లేవబోయిన. అవును, లేవబోయిన! అంత అయినంక గూడ! గింత సిగ్గు లేని మనిషిని నేను.

సుజాత నా అంగి పట్టి కూసోవెట్టింది. "వద్దు బాబాయ్. మా ఆయన శుభకార్యం నాడు బండి ముట్టడు. మా ఇంట్ల పట్టింపు." మేనమామ చేతులు జోడించి "ఈ కాలంల గూడ గింత నిష్ఠ ఉన్నోళ్లున్నరు" అని నలుగురికి చెప్పుకుంట పోయిండు. నా ఇజ్జత్ దక్కింది. నిజం చెప్పాల్నంటే, ఆ ఒక్క మాటకు ఆమె కాళ్లు మొక్కాలె.

వచ్చేటప్పుడు మామ దగ్గర ఒక పాత గోనెసంచి అడుక్కోని, జాలికి కట్టుకోని ఇల్లు చేరినం. తెల్లారి పాత మ్యాప్ ఎక్కిద్దామని చూస్తే లాప్‌టాప్ లేదు. బీరువల ఉన్నది, తాళంచెవి ఆమె కొంగుకున్నది. "ఒక్క పది నిమిషాలు ఇయ్యవే" అంటే, "ఇయ్యాల మంచిరోజు, బండి ముట్టొద్దు" అన్నది. మర్నాడు అడిగిన. ఆ దినం గూడ మంచిరోజే. నేను బస్సులల్ల తిరుగుడు అందుకే, బండి రిపేర్ల ఉన్నదని మీకు అబద్ధం చెప్పిన.

నిన్న అమావాస్య. ఇగ దొరికిందనుకోని, గోడకున్న క్యాలెండర్ తీస్కోని పోయి ఆమె ముందల పెట్టిన. "చూడు, అమావాస్య. ఇది గూడ మంచిరోజేనా?"

క్యాలెండర్ దిక్కు చూడనే చూడలే. బియ్యం ఏరుకుంటనే అన్నది. "మనకు కాదు. బండికి మంచిరోజే."