పై అంతస్తు దాకా

వేసవి వచ్చిందంటే న్యూజెర్సీలో, మా ప్లెయిన్స్‌బరో ఇంటికి చుట్టాలు దిగుతారు. వాళ్లకు న్యూయార్క్ చూపించడం నా వంతు. మా ఆయనకు సరిగ్గా ఆ శనివారమే ఆఫీసు పని తగులుతుంది. కాస్త చల్లగా ఏసీలో తిరగొచ్చని చూపించాల్సిన వాటి జాబితాలో మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఒకటి నేనే చేర్చాను.

అక్కడ పై అంతస్తులో గోడంత ఎర్రటి బొమ్మ ఉంది. కింద షాపులో పోస్టుకార్డు మీద చూడ్డమే. ఎన్నిసార్లు వెళ్లినా రెండో అంతస్తు దాటింది లేదు. ఈలోపు ఒకరికి కాళ్లు లాగుతాయి, ఒకరికి ఆకలేస్తుంది, ఇంకొకరు "ఈ గీతలు మా మనవడూ గీస్తాడు" అంటారు. నవ్వి, ఫొటోలు తీసి, అందరి సంచులూ మోసుకుంటూ దిగిపోయేదాన్ని. ఒక్కసారి, ఒక్కదాన్నే వెళ్లి ఆ బొమ్మ చూడాలని నాకు పిచ్చి కోరిక. ఎవరితోనూ అనలేదు. అంటే వేళాకోళం చేస్తారు.

ఈసారి వచ్చింది మా అత్తగారి చెల్లెలు. వారమంతా ఆఫీసు, వంట, సాయంత్రాలు షాపింగ్‌తో నా ఒళ్లు హూనమైపోయింది. మ్యూజియంలో అడుగుపెట్టగానే ఆవిడ లాబీలో కుర్చీ చూసుకుని కూలబడ్డారు.

"నా వల్ల కాదమ్మాయ్. నువ్వెళ్లి చూసిరా. ఆ సంచీ ఇలా ఇయ్యి."

"మీరొక్కరే ఎలా చిన్నత్తయ్యా?"

"నన్నెవరెత్తుకుపోతారే? వెళ్లు."

లిఫ్టెక్కి పైకి వెళ్లాను. బొమ్మ నిజంగానే గోడంత ఉంది. ఎరుపులో ఇంకో ఎరుపు. ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చుని తేరిపార చూశాను. రేపు లిబర్టీ బొమ్మ దగ్గరికి బుక్ చేసిన పడవ, కారు పార్కింగ్, రాత్రికి చపాతీలు, ఇవే బుర్రలో తిరిగాయి. ఇన్నేళ్లు కోరుకున్నది కళ్లెదుట ఉంటే చూసే ఓపిక లేదు నాకు. ఏడుపొచ్చింది. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

"మ్యామ్, వి ఆర్ క్లోజింగ్," అని గార్డు లేపాడు. పరుగున కిందికొచ్చాను. చిన్నత్తయ్య సంచీ ఒళ్లో పెట్టుకుని అక్కడే ఉన్నారు.

"ఇంతసేపు చూశావు, ఏముందే పైన?"

చాలా బాగుందని చెబుదామనుకున్నాను.

"నిద్రపోయానండీ," అన్నాను.

ఆవిడ సంచీ తన భుజానికే తగిలించుకుని లేచారు. "రేపా పడవ వద్దులే. ఆ లిబర్టీ బొమ్మ చూడకపోతే నాకేం నిద్రపట్టకుండా పోదు. పొద్దెక్కేదాకా పడుకో. వంట నేను చూసుకుంటా."

మర్యాదకైనా వద్దండీ అనాలి. నేను అనలేదు.