పెదవుల మీది మాట

మొన్న కోరుట్లలో మా ఇంట్లో సిలిండర్ మారుస్తుంటే వాషర్ సరిగా కూర్చోక గ్యాస్ లీకైంది. ఆ కుళ్లు వాసన ముక్కుకు తగలగానే ఇంట్లోవాళ్లందరినీ బయటికి తరిమాను. రెగ్యులేటర్ తీసేసి, కిటికీలు తెరిచి, నేనూ వాకిట్లోకి వచ్చి, ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. "గింతదానికి గింత ఆగమా?" అని నా భార్య విసుక్కుంది. లోపల టీవీలో సూట్లు వేసుకున్న పెద్దమనుషులు చేతులు కలుపుతున్నారు. గల్ఫ్ నుంచి మనకు ఏళ్ల తరబడి గ్యాస్ వచ్చే ఒప్పందమట. నాకు ఒళ్లు మండింది. రాజేశమన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు.

రాజేశమన్నది సిరిసిల్ల. పవర్‌లూమ్‌లను అక్కడ సాంచాలంటారు. సగం జీవితం సాంచాల మీదే గడిపి, పని కరువై గల్ఫ్‌కు వచ్చి, ఎడారిలోని ఒక గ్యాస్ ప్లాంటులో మా గ్యాంగ్‌కు ఫోర్‌మన్ అయ్యాడు. నేను గొల్లపల్లి దగ్గర బోరు ఎండిన పొలాన్ని వదిలి వచ్చి ఆయన చేతి కింద పడ్డాను. మొదటిరోజు కంప్రెసర్ల దగ్గర ఆ హోరుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. పక్క మనిషి గొంతు చించుకున్నా వినపడదు. రాజేశమన్న మాత్రం అరవలేదు. నా గదవ పట్టుకుని తనవైపు తిప్పుకుని, చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు. ఏమీ అర్థం కాక బిక్కమొహం వేశాను. బయటికి వచ్చాక నవ్వాడు.

"సాంచాల కాడ మేం గిట్లనే మాట్లాడుకుంటం తమ్మీ. గా చప్పుట్ల చెవులతోని ఏం పని? నా మూతి జూడు, సాలు."

పోను పోను నాకూ పట్టుబడింది. ఆయన ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు సిగ్నల్ లేక మాట తెగిపోయినా ఫోన్ పెట్టేసేవాడు కాదు. తెరమీద సుగుణ వదినె పెదవులు కదులుతుంటే ఈయన తలూపుతూ కూర్చునేవాడు. చూసేవాళ్లకు పిచ్చి అనిపించేది. నాకు మాత్రం ఈర్ష్యగా ఉండేది.

గ్యాస్ సంగతీ ఆయనే నేర్పాడు. శుద్ధి కాకముందు అందులో విషం ఉంటుంది. "వాసనొస్తె భయపడు. వచ్చిన వాసన ఉత్తగనే పోయిందనుకో, ఇంకింత భయపడు. గప్పుడు నీ ముక్కు పని జేస్తలేదన్నట్టు. గది బరువుది, నేల పట్టుకొనే పారుతది" అనేవాడు. ఒకనాడు క్యాంపు మెస్సులో అన్నం తింటుంటే టీవీలో ఇట్లాంటి ఒప్పందమే చూపించారు. రెండు దేశాలూ ఒకదానికొకటి ఆసరా అని ఎవరో చెబుతున్నారు. రాజేశమన్న పళ్లెంలోంచి తలెత్తాడు. "వాళ్లకాడ గ్యాస్ ఉన్నది, మనకాడ మనుషులున్నరు. గది ఓడెక్కి మన ఇంటికి పోతది, పొయ్యి మండుతది. గా పొయ్యి ముంగట కూసోని తినేటోళ్లమేమో ఈడుంటిమి." ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

అంత తెలిసిన మనిషికి ఒక పాడు అలవాటు ఉండేది. మాస్క్ పెట్టుకుంటే మూతి కనపడదు. ట్రైనింగులో మాట్లాడాల్సి వచ్చిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే లేచి మాస్క్ కిందికి లాగేది. సేఫ్టీ ఆఫీసర్ అందరి ముందూ తిట్టేవాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన మిగతావాళ్లూ అంతే. "ఏం జేస్తం తమ్మీ, మూతి కప్పుకుంటె మూగోన్నయిన లెక్కుంటది" అనేవాడు.

ఆ రోజు నేను పైపుల పక్కన కట్టిన ఎత్తు మంచె మీద బోల్టులు విప్పుతున్నాను. కింద ఎక్కడో పైపు జాయింటు వదిలింది. సైరన్ మోగిందట, ఆ హోరులో నాకు వినపడలేదు. కింద మనుషులు పరుగెత్తడం చూశాకే సంగతి అర్థమైంది. నా దగ్గర మాస్క్ లేదు. గబగబా నిచ్చెన దిగడం మొదలుపెట్టాను. అందరూ బయటికి పోతుంటే రాజేశమన్న మాస్క్ పెట్టుకుని నావైపు వచ్చాడు. రెండు చేతులూ ఊపాడు. తొందరగా దిగమంటున్నాడనుకుని ఇంకా వేగంగా దిగాను. అప్పుడు ఆయన మాస్క్ లాగేశాడు. నా కళ్లలోకి చూస్తూ పెదవులు కదిపాడు.

దిగకు. ఆన్నే ఉండు.

నిచ్చెన మీదే ఆగిపోయాను. ఆయన మోకాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయాడు. గాలి సిలిండర్లతో మనుషులు వచ్చేదాకా పైనుంచి చూస్తూ ఉండిపోయాను. దిగితే ఆయన చెప్పింది వృథా. దిగకపోతే నేనేం మనిషిని? ఆ నరకం పగవాడికి కూడా వద్దు.

రూలు తప్పి మాస్క్ తీశాడని ప్లాంటువాళ్లు రాసుకున్నారు. శవపెట్టె వెంట నేనే సిరిసిల్లకు వచ్చాను. కర్మకాండలు అయ్యాక సుగుణ వదినె నన్ను కూర్చోబెట్టింది. ఆమె కూడా సాంచాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టిన మనిషే.

"పోయేటప్పుడు ఏమన్న అన్నడా తమ్మీ?"

"దిగకు, ఆన్నే ఉండు అన్నడు వదినె. నాతోని."

ఆమె తల అడ్డంగా ఊపింది. "గట్ల గాదు. ఆయన ఎట్లన్నడో గట్ల చెప్పు."

చప్పుడు లేకుండా పెదవులు కదిపాను. ఆమె రెప్ప వేయకుండా నా మూతినే చూసింది. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు.

ఇప్పటికీ ఏడాదికోసారి సిరిసిల్ల పోతాను. వదినె చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, మళ్లీ చెప్పమంటుంది. పెళ్లాంతో అనాల్సిన ఆఖరి మాట ఆయన నాతో అన్నాడు. అది తనకోసం అన్నది కాదని ఆమెకు తెలుసు. అయినా అడుగుతుంది. నేను చెబుతాను.