తువ్వాలు కింద పళ్ళెం

నేను చేసే ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, పేరు లేని నోటును ఫోనులోకి తేవడమని చెబుతాను. ఆ నోటు అసలుదేనా, ముందే ఎక్కడైనా ఖర్చయిపోయిందా అన్నది బ్యాంకుకు తెలియాలి. ఎవరి జేబులోంచి వచ్చిందో మాత్రం తెలియకూడదు. దీనికి లెక్కలున్నాయి, తాళాలున్నాయి. వినేవాళ్ళకు లేనిదల్లా ఓపికే. అంబత్తూరు ఆఫీసులో ప్రతి మీటింగులోనూ ఒకటే ప్రశ్న: "తప్పు చెయ్యనివాడికి దాపరికం ఎందుకు?" జవాబు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

నాన్న పోయిన రోజు ఆ జవాబు తిరువొత్తియూరులో మా గుమ్మంలోకే వచ్చింది. మా వీధిలో చావింటి ముందు ఒక పళ్ళెం పెట్టి తువ్వాలు కప్పుతారు. వచ్చినవాళ్ళు తువ్వాలు కిందికి చెయ్యి దూర్చి, ఖర్చులకు తమకు తోచింది వేస్తారు. ఎవరెంత వేశారో ఇంటివాళ్ళకు కూడా తెలియదు. "ఇప్పుడు నోట్లు ఎవరు తెస్తున్నారక్కా" అంటూ తమ్ముడు నా ఫోనుకు డబ్బు పడే క్యూఆర్ అట్ట తెచ్చి పళ్ళేనికి ఆనించాడు. వద్దనే ఓపిక నాకు లేకపోయింది. నాన్నను తీసుకెళ్ళేదాకా ఒళ్ళో ఫోను మోగుతూనే ఉంది. ప్రతి మోతకూ ఒక పేరు, ఒక అంకె. పక్కింటి మామ పేరు పక్కన పది రూపాయలు.

ఆయన జార్జి టౌన్‌లో బండి లాగుతాడు. నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, పాడె మోసినవాడు. రోజూ మా తిన్నె మీద టీ తాగే మనిషి, ఆ తరవాత మా ఇంటి ముందు తల వంచుకుని పోసాగాడు. నాకు నాన్న లేడన్న దిగులు ఒకటి, పైన ఇదొకటి.

పెద్దకర్మ నాడు వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

"ఆ పొద్దు నా కాడ అంతే ఉండింది పాపా. తప్పుగా అనుకోబాక."

"నేను చూడలేదు మామా," అన్నాను.

"చూసుంటావులే. ఫోను చూపిస్తాది కదా."

చావింటికి వచ్చిన పాపానికి తన లేమికి సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. జేబులోంచి మడత పెట్టిన నోటు తీసి నా చేతిలో పెట్టాడు. నా ముఖంకేసే చూస్తున్నాడు. నేను మడత విప్పలేదు, కిందికి చూడలేదు. గుప్పిట మూసి లోపలికి వెళ్ళి, నాన్న పటం ముందుకు చేర్చిన ఆ పళ్ళెంలో, ఆ రోజు ముసలివాళ్ళు వేసిన నోట్లలో కలిపేసి తువ్వాలు కప్పాను.

టీ పెట్టి తెచ్చాను. తిన్నె మీద తన పాత చోటులోనే కూర్చున్నాడు. తాగినంతసేపూ ఆయన చూపు నా పక్కనున్న ఫోను మీదే ఉంది.