మెల్బా సంతకం కింద రెండేళ్లు

కెనడాలోని నర్సుల మండలి నుంచి జెమాలిన్‌కు ఉత్తరం వచ్చింది. రిజిస్టరు కావాలంటే గడచిన అయిదేళ్లలో తన చేతులతో చేసిన ఆసుపత్రి పనికి రుజువు పంపాలి. ఆ పని మానేసి ఈ నెలాఖరుకు అయిదేళ్లు. అది దాటితే అనుభవం చెల్లదు, మళ్లీ మొదటినుంచీ చదవాలి. ఒక్క చదువుకే తండ్రి మనుషుల్ని ఎక్కించుకుని తిప్పే తన జీప్నీ బండి అమ్ముకున్నాడు. ఇప్పుడామె ఫోన్ల ఆఫీసులో కూర్చుని ఆస్ట్రేలియా వాళ్ల ఇన్సూరెన్సు తిట్లు వింటూ బతుకుతోంది.

రుజువుకేం కరువు అనుకుంది. ఇలోయిలో నగరం పక్కన ప్రసూతి ఆసుపత్రిలో రెండేళ్లు వెట్టిచాకిరీ చేసింది మరి. మా దేశంలో దాన్ని వెట్టి అనరు, వాలంటీరు అంటారు. పరీక్ష పాసైన నర్సులు వేలు, ఉద్యోగాలు పదులు. అనుభవం కోసం జీతం లేకుండా చేయాలి, పైగా శిక్షణ అని ఎదురు ఫీజు కట్టాలి. ఇంత సిగ్గుమాలిన ఏర్పాటుకు మేమంతా వరుసలో నిలబడి మరీ దండం పెడతాం. వాలంటీరు కేస్ షీటు మీద సంతకం పెట్టకూడదు. పని ఈమెది, సంతకం డ్యూటీ నర్సుది.

"ఏమే పిల్లా, ఇంత లావయ్యావు! తిన్నావా?" అంటూ ఆసుపత్రికి వెళ్లిన జెమాలిన్ చేతిలో పెద్ద నర్సు ఫెలిసా మేడమ్ అరిటాకు చుట్టిన తీపి బియ్యం ముద్ద పెట్టింది.

"సర్టిఫికెట్ కావాలి మేడమ్."

"దానికేం, వాలంటీరని రాసిస్తా."

"అది పనికిరాదట. కేస్ షీట్లలో నా పేరుండాలట."

మేడమ్ పాత రిజిస్టరు దించి దుమ్ము దులిపింది. ఏ పేజీ తిప్పినా మెల్బా తలెయోన్, మెల్బా తలెయోన్. జెమాలిన్ షిఫ్టుకు డ్యూటీ నర్సు మెల్బాయే. తర్వాత ఆమె ఈ అనుభవాన్నే చూపించి కెనడాలో నర్సయింది.

"ఇందులో సగం కాన్పులు నేను చేసినవి. మీకు తెలుసు."

"తెలియకేం? నాకు తెలుసని కాగితం మీద పెడితే మాత్రం, వాలంటీర్ల చేత కాన్పులు చేయించారని ఆసుపత్రికి తాళం వేస్తారే." ఆమె గొంతు తగ్గింది. "ఇంకోటి తిను తల్లీ."

ఇంటికొచ్చి మెల్బాకు ఫోన్ చేసింది.

"ఓసి దెయ్యమా! బతికే ఉన్నావా? పెళ్లి పిలుపా?"

"నన్నెవరు చేసుకుంటారక్కా, లావయ్యానని మేడమే అంటుంటే!" నవ్వు ఆగాక సంగతంతా చెప్పింది. "నాలుగు ముక్కలు రాసివ్వు. ఆ కాన్పులు నేను చేశానని."



"రాస్తే నా సంతకాలు అబద్ధమవుతాయి, జెమ్. లైసెన్సు పీకేస్తారు. అమ్మనీ తమ్ముణ్నీ నా కాగితాల మీదే తెచ్చుకున్నా." అంతలోనే, "అయినా రాయమంటే రాస్తానే. ఒట్టు," అంది మెల్బా.

రాస్తుందని జెమాలిన్‌కు తెలుసు. అందుకే అడగలేకపోయింది.

"వద్దులే అక్కా."

ఆ మాటతో తన కెనడా అయిపోయింది. నెలాఖరు దాకా చూడనక్కర్లేదు. తప్పు చేసిన ఆసుపత్రి నిక్షేపంగా ఉంది. తేల్చుకోవలసింది మాత్రం ఈ ఇద్దరు ఆడవాళ్లే.

మెల్బా ఏడుస్తోంది. "ఇంకోటి దాచాను నీ దగ్గర. ఇక్కడ ఇంటర్వ్యూలో, నువ్వు చేసిన కష్టమైన కాన్పు చెప్పమన్నారు. నీది చెప్పాను. వరద రోజుది, ఎదురుకాళ్ల బిడ్డది. నేను చేసినట్టే చెప్పాను."

ఆ రోజు డాక్టరు రాలేదు. మెల్బా నీళ్లలో ఆగిపోయిన జీప్నీలో ఉంది. ఆమె వార్డుకు చేరేసరికి బిడ్డ పాలు తాగుతోంది.

జెమాలిన్ కళ్లు తుడుచుకుంది.

"సరిగ్గా చెప్పావా?"

"ఏంటి?"

"బిడ్డ నడుము దాకా వచ్చాక లాగలేదు నేను, లాగితే తల ఇరుక్కుంటుందని. చేతులు తీసేసి ఆగాను. లాగానని చెప్పలేదు కదా?"

"లేదే. ఆగాననే చెప్పాను."

"ఎంతసేపని?"

"రెండు నిమిషాలని."

"నాలుగు," అంది జెమాలిన్. "నాలుగు నిమిషాలక్కా. గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను."